రుమాలు కింద రేటు

ధర్మాబాద్ మిర్చి బజారుల
పొద్దంత కాంట కాడ చీటీలు రాస్త.
తేమకింత, తరుగుకింత,
హమాలీకింత, సేఠు కమీషన్ ఇంత.
అన్ని పోంగ మిగిలింది రైతు చేతుల పెడితే
లెక్కవెట్టుకోడు,
మడిచి బనీను జేబుల దోపుకుంటడు.
లెక్కలు మరాఠీల, తిట్లు తెలుగుల.
రెంటికీ నేనే గుమాస్తాను.

రాత్రి పదింటికి ఇంకో బజారుకు పోత.
ఆడ ఘాటు లేదు, తుమ్ములు లేవు.
కత్తులమ్ముత. తోకకు నిప్పున్న గుర్రాలమ్ముత.
ఒకసారి నెమలికంఠం రంగు అంగీ అమ్మిన,
కొన్నోడు ఎవడో, ఏ ఊరో,
ఆ అంగీ తొడుక్కొని
రెండు నిమిషాలల్ల సచ్చిపోయిండట ఆటల.
పైసలైతే వచ్చినయి.

మొదట్ల తెల్వక
కొత్త సరుకు దిగిన్నాడే ఎగవడి కొన్న.
వారం తిరిగేసరికి సగం రేటు.
రాశులు కూలితే రేటు కూలుతదని
నాకెవలు చెప్పాలె?
బోర్డు మీద సుద్దతోటి రోజూ రాసేటోన్నే నేను.

ఇప్పుడు అందరు అమ్ముకునే దినాలల్ల కొంట.
మూడువందల నలభైకి కొన్న కత్తి
కోల్డ్ స్టోరేజీల బస్తా లెక్క
నాలుగు నెలలు ముట్టకుండ పెట్టి
తొమ్మిదివందల పదికి ఇడిసిన.
కంపెనీ నూటికి పదిహేను కోసింది.
నూట ముప్పైఆరున్నర!
ఫోన్ల నా మొహం చూసుకుంటే
కాంట కాడ నిలవడ్డ రైతు.

ఇంకోటి చెప్పాలె, సిగ్గైతది గని.
నాందేడ్ పోరడొకడు
"ముందు కత్తియ్యి భావూ,
ఐదు నిమిషాలల్ల పైసలేస్త" అన్నడు.
ఆ ఐదు నిమిషాలు
మొన్నటి కార్తీకం నుంచి నడుస్తనే ఉన్నయి.

ఆ రాత్రి అన్నం కాడ చెప్పిన చిన్నమ్మకు.
లసుమవ్వకు తొడిమలు తెంపి తెంపి
వేళ్లు ఎప్పుడు మండుతనే ఉంటయి,
మజ్జిగ గిన్నెల ముంచి కూసుంటది.
"మీ తాత ఎద్దుల అంగట్ల
రుమాలు కింద ఏలు వట్టుకుంటే
రేటు తెగేదాంక ఇడువకపోవు.
నీ బజార్ల రుమాలు లేదారా?"
లేదు చిన్నమ్మ.
"పోనీ, చెయ్యి?"
చెయ్యి గూడ లేదు.
ఆమె శానసేపు ఏం మాట్లాడలే.

అప్పటిసంది
నడుమ మనిషి పైసలు పట్టుకునే కాడనే అమ్ముతున్న.
వాని కమీషన్ వానికి.
వాన్ని తిట్టుకుంటనే నిమ్మలంగ పండుకుంట.

"ఆ కత్తి కోస్తదా?" అన్నదొకనాడు.
కోయదు. అందరి కత్తులు ఒక్కతీరే కోస్తయి.
ఇది మెరుస్తది, అంతే.
"మెరుపుకు తొమ్మిదివందలా!"
అని నేను నవ్వుతదనుకున్న. నవ్వలే.
గంపల కాయొకటి తీసి దీపానికి అడ్డం పెట్టింది.
"గీ ముడుత కాయ చూడు.
కారమే లేదు, పిల్లగాండ్లు గూడ నములుతరు.
ఘాటు కాయకంటె దీనికే రెండింతలు.
రంగు కోసం కొంటరు బిడ్డా,
నలభై ఏండ్లసంది నేను ఏరేది రంగునే."

తెల్లారి కొంగు ముడి ఇప్పి
ఐదువందలు నా చేతుల పెట్టింది,
మిర్చి వాసన కొట్టే నోటు.
ఎర్రది చూసి కొనుమన్నది.
కొన్న. పిడి మీద సన్నగ చార ఉన్నది,
ఆమెకు చూపిస్తే
"తాలు కాయ లెక్కున్నది, సరే, ఉండనీ" అన్నది.

ఇప్పుడు రోజూ పొద్దుమీకి
వేళ్లు మజ్జిగల ముంచుకుంట అడుగుతది,
నా కత్తి ఎంతున్నదిరా?
ఆరువందల పది.
"వానలు పడనీ."
ఆరువందల తొంభై చిన్నమ్మ, అమ్ముదామా?
"ఆ పదిహేను కోతవోను చెప్పు."

గోదావరికి నీళ్లొచ్చినయి.
బజారు బందువెట్టిన్రు.
ఇంక అమ్మనియ్యలే.